వ్యక్తిగత కారణాలు

మా ఆఫీసులో పొడుగాటి రిజిస్టర్ ఒకటి ఉండేది. అందులో చివరి గడి పేరు 'మార్పుకి కారణం'. ఏ ఇంటి నుంచైనా ఒక అటెండెంటుని వెనక్కి పిలిపించి ఇంకొకరిని పంపినప్పుడల్లా ఆ గడి నింపాలి. మూడేళ్ళలో నేను అందులో ఎక్కువసార్లు రాసింది 'వ్యక్తిగత కారణాలు' అని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకే అప్పగించారు.

ఆ రెండు మాటల వెనక ఏమేం ఉండేవో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. వాయిదా వేస్తూ వచ్చాను. నాలుగు నెలలుగా మా అమ్మ మంచం మీద ఉంది. ఆమెని చూసుకోడానికి మనిషి కావాలని ఈమధ్య నేనే ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి "మా పిల్లలు ఇంట్లో మనిషిలా కలిసిపోతారు మేడమ్" అంది. ఫోన్ పట్టుకుని కాసేపు మాట్లాడలేకపోయాను. అది నా వాక్యం. కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను.

2013లో నేను పార్ట్‌టైం లెక్చరర్‌గా ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఏడు నెలలు జీతాలివ్వలేదు. ఎమ్మే తెలుగు, ఎంఫిల్. ఇంకేం పని దొరుకుతుంది? తెలిసినవాళ్ళ ద్వారా హైదరాబాదులో ఒక హోమ్ నర్సింగ్ బ్యూరోలో అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగం వచ్చింది. మెట్రో స్తంభాలు లేస్తున్న రోడ్డు మీద రెండో అంతస్తులో మూడు గదులు. ఒకటి ఆఫీసు. మిగతా రెండూ డ్యూటీ లేని అమ్మాయిలు పడుకునే హాస్టల్. పేరుకి అడ్మినిస్ట్రేటర్‌నే గాని ఫోన్లెత్తడం, మనుషుల్ని పంపడం, బిల్లులు రాయడం, ఏడుస్తున్నవాళ్ళని ఓదార్చడం, అరుస్తున్నవాళ్ళకి క్షమాపణ చెప్పడం అన్నీ నావే. అటెండెంట్లకి నేను 'ఆఫీసు మేడమ్'ని. యజమానురాలు 'పెద్దమేడమ్'.

పెద్దమేడమ్ గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఆవిడ కూడా ఒకప్పుడు నర్సే. భర్త వదిలేసి వెళ్ళిపోతే పగలు ఆసుపత్రిలో, రాత్రి రోగుల ఇళ్ళల్లో డ్యూటీలు చేసి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంది. తర్వాత తనలాంటి నలుగుర్ని పోగేసి బ్యూరో పెట్టింది. పండక్కి అందరికీ చీరలు పెట్టేది. ఎవరికైనా జ్వరమొస్తే గంజి కాచిపెట్టేది. "మన పిల్లలు" అనేది. ఆ 'పిల్లలు' అన్న మాట ఎంత పని చేస్తుందో నాకు తెలియడానికి ఏడాది పట్టింది. పిల్లలకి ప్రేముంటుంది, మందలింపు ఉంటుంది. జీతం చీటీ ఉండదు.

లెక్క ఇలా ఉండేది. 2015లో ఇరవైనాలుగు గంటల డ్యూటీకి ఒక ఇంటి నుంచి నెలకి 15,000 తీసుకునేవాళ్ళం. అటెండెంటుకి 9,000 ఇచ్చేవాళ్ళం. మిగతా ఆరువేలు డ్యూటీ నడిచినన్నాళ్ళూ ప్రతి నెలా బ్యూరోవి. చేరిన మొదటి నెల తొమ్మిదివేలు 'డిపాజిట్' కింద ఆపేవాళ్ళం. మధ్యలో మానేస్తే అది పోయినట్టే. టెన్త్ మెమో ఒరిజినల్ మా బీరువాలో ఉండేది. డ్యూటీ లేని రోజుల్లో హాస్టల్‌కీ తిండికీ కలిపి రోజుకింత అని రాసుకునేవాళ్ళం. నెలకి ఒకరోజు సెలవు, అదీ బదులు మనిషి దొరికితేనే. రాత్రిపూట పేషెంటు మంచం పక్కన చాప వేసుకుని పడుకోవాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి లేచి పక్కకి తిప్పాలి. అంటే ఆమె నిద్ర ఎప్పుడూ రెండు గంటల నిద్రే.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఖమ్మం, శ్రీకాకుళం, పాలమూరు ఊళ్ళ నుంచి. దళిత, ఆదివాసీ అమ్మాయిలు, భర్త పోయినవాళ్ళు, భర్త ఉన్నా లేనట్టే అయినవాళ్ళు. వాళ్ళ గురించి ఆధార్, పోలీసు వెరిఫికేషన్, ఇద్దరి హామీ అన్నీ తీసుకునేవాళ్ళం. ఇళ్ళకి కూడా ఒక ఫారం ఉండేది. పేషెంటు బరువెంత, డైపరా, మూత్రానికి పైపా, ముక్కులోంచి గొట్టమా, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా. 'ఆహారపు అలవాట్లు' అని ఇంకో గడి. తిండి గురించి అనుకునేరు. "మాకు ఫలానావాళ్ళు వద్దండీ" అని నోటితో చెప్పలేని కుటుంబాలు తమకి కావాల్సిన కులాన్ని అక్కడ చెప్పుకునేవి. ఆ గడిని బట్టే మనిషిని వెతికేదాన్ని నేను. కారంచేడు, చుండూరు మీద వ్యాసాలు చదివిన మనిషిని.

ఆమె ఎక్కడ పడుకుంటుంది అని మాత్రం ఆ ఫారంలో ఎక్కడా లేదు.

ఇక ఒప్పంద పత్రం. రెండు పేజీలు. అది బ్యూరోకీ, పేషెంటు కుటుంబానికీ మధ్య. ఏడో షరతులో 'బ్యూరో మధ్యవర్తి మాత్రమే. అటెండెంటు నిర్లక్ష్యానికి, దొంగతనానికి, ప్రవర్తనకి బ్యూరో బాధ్యత వహించదు' అని ఉండేది. అటెండెంటుకీ బ్యూరోకీ మధ్య కాగితమే లేదు. మా హాజరుపట్టీలో ఉద్యోగులు ఎనిమిదిమంది: నేను, అకౌంటెంటు, ఇద్దరు కోఆర్డినేటర్లు, డ్రైవరు, వంటమనిషి, వాచ్‌మన్, ఊడ్చే ఆవిడ. డెబ్భైమంది అటెండెంట్లు ఆ పట్టీలో లేరు. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి. ఇరవైమంది ఉంటే పీఎఫ్. మేం ఎనిమిది దగ్గర ఆగిపోయాం.

ఇంకో చమత్కారం ఉంది. పేషెంటు ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆమె 'నర్సింగ్ కేర్'. తెల్లకోటు వేయించేవాళ్ళం, 'సిస్టర్' అని పిలవమనేవాళ్ళం. ఏఎన్ఎమ్‌గాని జీఎన్ఎమ్‌గాని చదివి, కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్ళు మా డెబ్భైమందిలో ఐదుగురు. మిగతావాళ్ళకి హాస్టల్ గదిలో మూడు రోజుల ట్రైనింగు. ఇక జీతం సంగతి వచ్చినప్పుడు, పనిగంటల సంగతి వచ్చినప్పుడు ఆమె పనిమనిషి. బిల్లులో నర్సు, హక్కుల దగ్గర పనిమనిషి. ఈ రెండు పేర్ల మధ్య తేడాయే మా లాభం.

దీనివల్ల నష్టపోయేది అటెండెంటు ఒక్కతే కాదు. ఒకసారి ముక్కుగొట్టంతో ఆహారం ఇవ్వాల్సిన పెద్దావిడ కోసం అర్జెంటుగా మనిషిని అడిగారు. హాస్టల్‌లో ఒక్క అమ్మాయే ఉంది. "రైల్స్ ట్యూబ్ తెలుసా అమ్మా?" అన్నాను. "చూసిన మేడమ్" అంది. ఫారంలో 'తెలుసు' అన్నచోట టిక్ పెట్టాను. గొట్టంలో పోసేటప్పుడు తలవైపు ఎత్తి కూర్చోబెట్టాలని, పోసే ముందు గొట్టం పొట్టలోనే ఉందో లేదో చూడాలని, పోశాక కూడా అరగంట అలాగే ఉంచాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. రెండోరోజు పడుకోబెట్టే జావ పోసింది. ఊపిరితిత్తుల్లోకి పోయి ఆ పెద్దావిడ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. లేకపోతే ఈ వ్యాసం నేను రాయగలిగేదాన్ని కాదు. ఆ కుటుంబం ఆ పిల్లని కొట్టబోయింది. పెద్దమేడమ్ ఆ పిల్లని డ్యూటీల్లోంచి తీసేసింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. డబ్బు తీసుకుని సేవ అందిస్తామన్న సంస్థ ఆ సేవలో లోపానికి వినియోగదారుడి ముందు జవాబు చెప్పాలని చట్టం ఉంది. 1986లో ఒకసారి చేసి, 2019లో తిరగరాశారు. టిక్ పెట్టింది సంస్థ. తన్నులు తినబోయింది పందొమ్మిదేళ్ళ పిల్ల.

ఇక నేను వాయిదా వేస్తూ వచ్చిన సంగతి. ఆమెకి మారుపేరు పెట్టడం కూడా నాకిష్టం లేదు. ఆమె అనే రాస్తాను.

2015 మే 18న అరుణా షాన్‌బాగ్ చనిపోయింది. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు. 1973లో అదే ఆసుపత్రిలో వార్డుబాయ్ చేసిన దాడితో మెదడు దెబ్బతిని, చనిపోయేదాకా అక్కడే మంచం మీద ఉండిపోయింది. తోటి నర్సులు, వాళ్ళ తర్వాత వచ్చిన నర్సులు ఆమెకి పుండ్లు పడకుండా చూసుకున్నారు. పెద్దమేడమ్ పేపర్లోని ఫొటో కత్తిరించి గోడకి అంటించి, మల్లెపూలు పెట్టింది. ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఆ దాడి మీద కేసు నడిచింది దోపిడీకి, హత్యాయత్నానికి మాత్రమేనని, లైంగిక దాడి అన్న మాట ఆ కేసులో లేనే లేదని ఆ రోజు నేనే హాస్టల్ అమ్మాయిలకి చెప్పాను. తెలిసినదాన్ని కదా!

రెండు వారాలు తిరక్కుండానే ఆమె ఫోన్ చేసింది. ఇరవైరెండేళ్ళ అమ్మాయి. పక్షవాతం వచ్చిన ఒక రిటైర్డ్ ఆఫీసరు దగ్గర డ్యూటీ.

"డ్యూటీ మార్చండి మేడమ్."

"ఎందుకమ్మా?"

"ఊరికెనే."

మర్నాడు మళ్ళీ చేసింది. పెద్దాయన కొడుకు రాత్రిపూట గదిలోకి వస్తున్నాడట. నాన్నని చూడ్డానికని వస్తాడు. వచ్చి నిలబడతాడు. నాన్న వైపు చూడడు.

"తలుపు గడియ పెట్టుకో" అన్నాను.

"తలుపుకి గడియ లేదు మేడమ్. పేషెంటు గది కదా, పీకేసిన్రంట."

నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "నెలాఖరుదాకా ఓర్చుకోమ్మా, మనిషి దొరకట్లేదు" అన్నాను. మనిషి దొరకని మాట నిజమే. నెల మధ్యలో మారిస్తే ఆ ఇంటివాళ్ళు బిల్లు కోస్తారన్నది కూడా నిజమే. ఈ రెండో నిజం ఆమెకి చెప్పలేదు.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఆమె ఆ ఇంట్లోంచి బయటికొచ్చేసింది. మొదటి సిటీబస్సు పట్టుకుంది. తొమ్మిదింటికి నేను ఆఫీసు తాళం తీయడానికి వెళ్తే మెట్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "చెయ్యి పట్టుకున్నడు" అంది. అంతే. ఆ తర్వాత నేను అడగలేదు. ఆమె సిగ్గుపడుతుందని అడగలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అడిగితే రాయాలి. రాస్తే ఏదో ఒకటి చెయ్యాలి. అందుకని అడగలేదు.

ఎనిమిదిన్నరదాకా ఆ పెద్దాయన తడిసిన పక్క మీద ఒక్కడే ఉన్నాడట. వాళ్ళ కోడలు ఫోన్లో అరిచింది. పెద్దమేడమ్ ఆమెని ఎదురుగా నిలబెట్టి "పేషెంటుని వదిలేసి వస్తావా? మేం నర్సులం ఎప్పుడన్నా అట్లా చేశామా?" అంది. ఆ కోపం నటన కాదు. రోగిని వదిలి రాకూడదన్నది ఆవిడ బతుకంతా నమ్మిన నీతి. పక్షవాతమొచ్చిన ముసలాయన ఏ పాపం చేశాడు? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ రాత్రి ఆ గదిలో ఇద్దరు నిస్సహాయులు ఉన్నారు. ఇద్దరినీ అక్కడ పెట్టింది మేమే.

సాయంత్రానికి లాయరు చెప్పిన మాటలతో నేనే ఒక ఉత్తరం టైపు చేశాను. భారత శిక్షాస్మృతి 491వ సెక్షను ప్రకారం నీ మీద కేసు పెట్టవచ్చు, డిపాజిట్టూ ఈ నెల జీతమూ జప్తు అని. ఆమె దాని మీద సంతకం చేసి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. రిజిస్టర్లో రాశాను: వ్యక్తిగత కారణాలు. ఆ ఇంటికి బదులుగా యాభైఐదేళ్ళ ఆవిడని పంపాం. ఇలాంటి ఇళ్ళకి వయసు మళ్ళినవాళ్ళని పంపడం మా పద్ధతి. ఆవిడకి నేను ఏమీ చెప్పలేదు.

491 ఏమిటో ఆ రాత్రి ఇంటికెళ్ళి చదివాను. చిన్నవయసు వల్లగాని, మతిస్థిమితం లేకగాని, జబ్బు వల్లగాని తనని తాను చూసుకోలేని మనిషికి సేవ చేస్తానని చట్టబద్ధమైన ఒప్పందానికి కట్టుబడినవారు, కావాలని ఆ సేవ మానేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా రెండువందల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1860 నాటి మాట. దానికి ముందూ వెనకా ఉన్న 490, 492 సెక్షన్లు కూడా పని మధ్యలో వదిలేసిన నౌకర్లనీ కూలీలనీ శిక్షించేవే. వాటిని 1925లో తీసేశారు. 491 ఒక్కటే మిగిలింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు అది 357వ సెక్షనుగా మారింది. జరిమానా ఐదువేలయింది.

నూట అరవై ఏళ్ళకి పైగా ఈ దేశపు చట్టానికి సేవచేసే మనిషి తెలుసు. మానేసి వెళ్ళిపోయే మనిషిగా తెలుసు. ఆ సెక్షనుని నేను రెండుమూడుసార్లు చదివాక ఒక ప్రశ్న పుట్టింది. 'ఒప్పందానికి కట్టుబడినవారు' ఎవరు? ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, ఆ బెదిరింపు ఉత్తరం మీద తప్ప. కట్టుబడింది మేం. ఒప్పందం మాది, పదిహేనువేలు తీసుకున్నది మేం, గడియ లేని గది సంగతి ముందే తెలిసినదీ మాకే. 'కావాలని' మానేసింది ఎవరో మీరే చెప్పండి.

ఆ ఏడు అక్టోబరులో ఒక స్నేహితురాలు అనువాదం పని ఇచ్చింది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం మీద తెలుగులో చిన్న పుస్తకం వేస్తున్నారు, పేజీకి ఇంత అని. 2013లో చేసి, ఆ డిసెంబరు 9 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం. డబ్బుకోసం ఒప్పుకున్నాను. 'పనిచేసే చోటు' అంటే ఏమిటో చెప్పే జాబితా అనువదిస్తుంటే చివర్లో 'నివాస స్థలం లేదా ఇల్లు' అని వచ్చింది. ఇంటిపని కార్మికురాలి నిర్వచనంలో 'నేరుగా గాని, ఏ ఏజెన్సీ ద్వారా గాని' అని వచ్చింది. కలం అక్కడ ఆగిపోయింది.

ఇంకా ముందుకెళ్తే యజమాని బాధ్యతలు. పనిచోట తారసపడే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించాలి. ఆమె పోలీసు కేసు పెట్టాలనుకుంటే సాయం చెయ్యాలి. తప్పు చేసినవాడు తన ఉద్యోగి కాకపోయినా, ఆమె కోరితే చర్యకి పూనుకోవాలి. పదిమంది లేని చోట్లవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు జిల్లాస్థాయి కమిటీకి చెప్పుకోవచ్చు. ఇంటిపని మనిషి ఫిర్యాదులో పైకి కనిపించే ఆధారం ఉంటే ఆ కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకి పంపాలి. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఐదో నెల నడుస్తోంది.

భాఁవరీదేవి గురించి మనందరికీ తెలుసు. రాజస్థాన్‌లో మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్. బాల్యవివాహాలు ఆపడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసినందుకే 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె పనిచోటు ఊరూ పొలమూ. నాలుగు గోడల ఆఫీసు కాదు. ఆ ఘటన నుంచి 1997లో విశాఖ తీర్పు, దాన్నుంచి ఈ చట్టం వచ్చాయి. క్లాసులో ఈ క్రమమంతా చెప్పిన లెక్చరర్‌నే నేను. ఆ జ్ఞానం మెట్ల మీద కూర్చున్న పిల్లదాకా రాలేదు.

ఆ జిల్లా కమిటీ ఎక్కడుంటుందో కనుక్కోడానికి రెండు పూటలు తిరిగాను. చెప్పగలిగిన మనిషి దొరకలేదు. ఈ చట్టం వచ్చి పదేళ్ళయినా అమలులో తీవ్రమైన లోపాలున్నాయని 2023 మేలో సుప్రీంకోర్టే అంది. నేను తిరిగిన ఆఫీసు ఒక్కటే అలా ఉందని అనుకోను.

చివరికి ఆమెకి ఫోన్ చేశాను. ఊళ్ళో ఉంది. పత్తి ఏరడానికి పోతోందట. నేను చట్టం గురించి గబగబా చెప్పుకుంటూ పోయాను. ఆమె మధ్యలో ఆపింది.

"అవన్నీ నాకొద్దు మేడమ్. మా అన్నలకి తెలిస్తే నన్నే చంపుతరు. నా టెన్త్ మెమో ఇప్పించండి. అంగన్‌వాడీల పోస్టు పడ్డది, కాగితాలడుగుతున్నరు."

శనివారం సాయంత్రం అందరూ వెళ్ళాక బీరువా తీసి ఆమె మెమో రిజిస్టర్డ్ పోస్టులో పంపేశాను. ఒకరి సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే హక్కు ఏ చట్టమూ మా బ్యూరోకి ఇవ్వలేదు. అయినా దొంగతనం చేస్తున్నట్టు చేతులు వణికాయి. డిపాజిట్టు, నెల జీతం గురించి పెద్దమేడమ్‌ని అడిగాను. "నువ్వు వాళ్ళని చెడగొడుతున్నావు" అంది. ఆమెకి రావాల్సిన డబ్బు ఈనాటికీ రాలేదు.

ఆ రోజే రాజీనామా చేశానని రాయాలని ఉంది. చెయ్యలేదు. ఇంకో ఏడు నెలలు అక్కడే ఉన్నాను. ఈలోపు ఇళ్ళ ఫారంలో నేనే రెండు ప్రశ్నలు చేర్చాను: అటెండెంటు ఎక్కడ పడుకుంటుంది? ఆ గదికి లోపలి గడియ ఉందా? రెండు కుటుంబాలు మమ్మల్ని అవమానిస్తున్నారని ఫోన్ చేశాయి. మూడోవారానికి ఆ ప్రశ్నలు కొట్టేశారు. 2016లో ఇంకో కాలేజీలో పని దొరికాక మానేశాను. నా పేరు ఎదురుగా కూడా ఎవరో 'వ్యక్తిగత కారణాలు' అని రాసే ఉంటారు.

వ్యక్తిగతమైనది రాజకీయమేనని మనం ఎన్నో వ్యాసాల్లో రాశాం. మా బ్యూరో తన బాధ్యతంతా ఆ 'వ్యక్తిగతం' అన్న గదిలోకి తోసి తలుపేసింది. ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మా క్లయింట్లలో మనవాళ్ళూ ఉండేవారు. స్త్రీల లెక్కకి రాని శ్రమ మీద పత్రం సమర్పించడానికి వేరే ఊరు వెళ్తూ, అటెండెంటు సెలవు రద్దు చేయించమని నాకు ఫోన్ చేసిన ప్రొఫెసరుగారు ఉన్నారు. ఆవిడ అత్తగారిని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా, కొడుకు ఎలాగూ చూడడు. ఆవిడ మీద నాకు కోపం లేదు. నేనూ ఇప్పుడు ఆ స్థానంలోనే ఉన్నాను. మన ఇళ్ళల్లో మగవాళ్ళు ముట్టని పని ఇంకో స్త్రీ చేతికి మారిందంతే. మధ్యలో ఆరువేలు తీసుకునేది కూడా మా దగ్గర స్త్రీయే.

ఇంటిపని కార్మికుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. ఏజెన్సీల రుసుము కార్మికురాలి జీతంలోంచి కోయకుండా చూడాలని అందులో ఉంది. భారతదేశం అనుకూలంగా ఓటేసింది గాని ఇంతవరకు ఆమోదించలేదు. ఛత్తీస్‌గఢ్ 2013లో, జార్ఖండ్ 2016లో ప్లేస్‌మెంట్ ఏజెన్సీల మీద చట్టాలు చేసుకున్నాయి. ఆదివాసీ అమ్మాయిలు ఏజెంట్ల చేతుల్లో మహానగరాలకి తరలిపోతుంటే చూడలేక చేసుకున్నవి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపని కార్మికులకి దేశమంతటికీ ప్రత్యేక చట్టం లేదని గుర్తించి, దాని అవసరం పరిశీలించడానికి కమిటీ వెయ్యమని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం రావాలి, సందేహం లేదు. కాని ఉన్న చట్టాన్ని అనువదించిన మనిషిగా నాకు తెలిసింది ఒకటుంది. దాన్ని అమలుచేయాల్సిన మొదటి మనిషి ఫోన్ ఎత్తే మనిషే. గడియ లేదు మేడమ్ అన్న మాట మొదట వినేది ఆమే. అప్పటికప్పుడు ఆటో పంపి ఆ పిల్లని తెప్పించి, ఇంకో మనిషి దొరికేదాకా పెద్దాయనని ఆ ఇంటివాళ్ళే చూసుకోవాలని చెప్పి ఉంటే సరిపోయేది. దానికి ఏ సెక్షనూ అడ్డురాలేదు. ఆటోకి రెండువందలు అయ్యేది.

అమ్మ కోసం మాట్లాడిన ఏజెన్సీ కోఆర్డినేటర్‌ని నేను నాలుగు ప్రశ్నలడిగాను. నేనిచ్చే 26,000లో ఆమెకి ఎంత వెళ్తుంది? వారానికొక సెలవు ఇస్తే బదులు మనిషి ఖర్చు ఎవరిది? మీ దగ్గర కమిటీ ఉందా? సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయి? మొదటిదానికి "అది ఇంటర్నల్ మేడమ్" అంది. రెండోది నాదే అంది. మూడోదానికి హెచ్ఆర్‌ని అడిగి చెప్తానంది. నాలుగోదానికి "మా పాలసీ మేడమ్" అంది, చాలా మర్యాదగా. ఆమె మీద నాకు జాలేసింది. పద్నాలుగు వేలో పదహారు వేలో జీతం ఉంటుంది. ఇంటికెళ్ళి నిద్రపోవాలి కదా.

విజయనగరం వైపు అమ్మాయి వచ్చింది. సంచి దించకముందే "ఇంట్లో ఇంకెవరుంటారు ఆంటీ?" అనడిగింది. నేనూ అమ్మా ఉంటాం, ఆదివారం మా తమ్ముడు వచ్చి పోతాడని చెప్పాను. "రాత్రుండిపోతారా?" అంది. ఉండడని చెప్పాను. పక్కగదిలో మంచం చూపించాను. అమ్మ తలగడ దగ్గర కాలింగ్ బెల్లు పెట్టించాను. ఒకరాత్రి అమ్మ వంతు నాది, ఒకరాత్రి ఆమెది అని మాట్లాడుకున్నాం. ఆమె నమ్మినట్టు లేదు గాని తలూపింది.

ఏజెన్సీ పంపిన ఒప్పంద పత్రంలో ఈసారి అది ఏడో షరతు కాదు, పదకొండోది. 'మధ్యవర్తి మాత్రమే' అన్న మాట అలాగే ఉంది. దాన్ని పెన్నుతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టి వెనక్కి పంపాను. కింద ఇంకో వాక్యం రాశాను: ఈమె టెన్త్ మెమో ఈమెకి ఇచ్చేయాలి. మూడు వారాలైంది. వాళ్ళ సంతకంతో నా కాపీ ఇంకా రాలేదు. నెల బిల్లు మాత్రం ఒకటో తారీకునే వచ్చింది.